నంబరు పోకుండా నెట్‌వర్క్ మార్పు – బేరమాడే పద్ధతి

“అడగందే అమ్మయినా అన్నం పెట్టదు” అని మన పెద్దలు ఊరికే అనలేదు. కూరగాయల అంగట్లో మన అమ్మలు కిలో వంకాయల మీద అయిదు రూపాయలు తగ్గించేదాకా అక్కణ్ణుంచి కదలరు. అదే అమ్మ సెల్‌ఫోన్ రీఛార్జి దుకాణానికి వెళితే అతను ఎంత చెబితే అంత ఇచ్చి వస్తుంది. “కంపెనీ వాళ్లతో బేరమేంది బిడ్డా” అంటుంది. కంపెనీతో కూడా బేరం ఆడవచ్చు. అయితే దానికొక పద్ధతి ఉంది. ఆ పద్ధతి మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తెలిస్తే వాళ్ల ద్వారా ఇంటికి చేరుతుందనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

నంబరు ఎందుకంత ముఖ్యం?

మన ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు, గ్యాస్ బుక్కుకు, స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు రాసి ఇచ్చేది ఒకే ఫోన్ నంబరు. ఓటీపీ వచ్చేది దానికే. రీఛార్జి చేయలేక నంబరును మూలన పడేస్తే, 90 రోజులకు మించి వాడని నంబరును కంపెనీ తీసేయవచ్చు. కొంతకాలానికి అదే నంబరు ఇంకొకరి చేతికి వెళుతుంది. అప్పుడు స్కాలర్‌షిప్పు ఓటీపీ ఎవరి ఫోన్‌కు పోతుందో ఆలోచించండి. కూలి చేసుకునే ఇంట్లో రీఛార్జి ఖర్చు తగ్గించడం ఎంత అవసరమో, నంబరు నిలబెట్టుకోవడమూ అంతే అవసరం. ఈ రెండూ ఒకేసారి సాధించే మార్గమే మొబైల్ నంబర్ పోర్టబిలిటీ. అంటే నంబరు మారకుండా కంపెనీని మార్చుకునే హక్కు.

కొంచెం చరిత్ర

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. వచ్చిన కాల్‌కు కూడా డబ్బులు కట్టాలి. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2009లో టాటా డొకోమో సెకనుకు ఒక పైసా లెక్క తెచ్చాక మిగతా కంపెనీలు కూడా ఆ దారి పట్టక తప్పలేదు.

అయినా ఒక చిక్కు మిగిలింది. కంపెనీ నచ్చకపోయినా నంబరు పోతుందని జనం అక్కడే ఉండిపోయేవారు. సింగపూర్‌లో 1997లోనే, అమెరికాలో 2003లో నంబరుతో సహా మారే వీలు వచ్చింది. మన దేశంలో ఇది 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటా వచ్చింది. మొదట్లో ఒక సర్కిల్ లోపల మాత్రమే మారే వీలుండేది. 2015 జూలై 3 నుంచి ఏ రాష్ట్రం నుంచి ఏ రాష్ట్రానికైనా నంబరు తీసుకుపోవచ్చు. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఇంకా ఒకే సర్కిల్. కాబట్టి ఆదిలాబాద్ నుంచి గానీ శ్రీకాకుళం నుంచి గానీ మేడ్చల్‌కు వచ్చి చదువుకునే విద్యార్థికి ఇది సర్కిల్ లోపలి మార్పు కిందికే వస్తుంది.

బేరానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది?

రోజర్ ఫిషర్, విలియం యూరీ అనే ఇద్దరు రచయితలు 1981లో బేరసారాల మీద ఒక పుస్తకం రాశారు. దాని సారం మన భాషలో చెప్పాలంటే: ఈ బేరం కుదరకపోతే నీ ముందున్న రెండో దారి ఎంత మంచిదో, నీ మాటకు అంత బలం. రెండో దారి చూసుకోకుండా “నేను వెళ్లిపోతా” అంటే అది ఉత్త బెదిరింపు. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవు.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో మరో మాట చెప్పాడు. సేవ బాగా లేనప్పుడు మనిషికి రెండు దారులుంటాయి: విడిచిపోవడం, నోరు తెరిచి అడగడం. ఆయన నైజీరియా రైల్వేను ఉదాహరణగా తీసుకున్నాడు. రైలు సేవ బాగా లేక వేరుశనగ వ్యాపారులు లారీలకు మారిపోయారు. అయినా రైల్వే బాగుపడలేదు. గట్టిగా అడగగలిగినవాళ్లే ముందు వెళ్లిపోయారు, నష్టం వస్తే ప్రభుత్వం పూడ్చేది. కాబట్టి మౌనంగా వెళ్లిపోవడం ఒక్కటే చాలదు. ఎందుకు వెళుతున్నామో చెప్పి, జవాబు చూసి వెళ్లాలి.

మన దేశంలో ఒక తేడా

కొన్ని దేశాల్లో చాలామంది ఏడాది, రెండేళ్ల ఒప్పందం మీద ఫోన్ వాడతారు. గడువు ముగిసేటప్పుడు “మానేస్తాను” అంటే కంపెనీ ప్రత్యేకంగా ధర తగ్గించి ఆపుకుంటుంది. మన దగ్గర పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ప్రీపెయిడ్ వాడేవాళ్లే. పైగా ఒకే రకం వినియోగదారుల మధ్య ధరలో వివక్ష చూపకూడదని ట్రాయ్ నియమం ఉంది. ప్రతి ప్లానునూ కంపెనీలు ట్రాయ్‌కు తెలపాలి. పోర్టు అయ్యేవాళ్లకు మాత్రమే దుకాణాల ద్వారా ప్రత్యేక ఆఫర్లు ఇవ్వడం తప్పని 2021లో ట్రాయ్ కంపెనీలను హెచ్చరించింది. కాబట్టి “నీ ఒక్కడికే సగం ధర” అని ఎవరైనా అంటే వెంటనే నమ్మవద్దు. ఆ ప్లాను కంపెనీ వెబ్‌సైటులో గానీ, మెసేజ్‌లో గానీ కనిపించాలి.

మరి బేరమాడితే ఏం వస్తుంది? నాలుగు వస్తాయి. ఒకటి, కంపెనీ దగ్గర ఉండి కూడా మనకు చెప్పని తక్కువ ధర ప్లాను. రెండు, మనం అడగకుండానే అంటగట్టిన కాలర్ ట్యూన్ వంటి సేవల తొలగింపు. మూడు, వాటికి కోసుకున్న డబ్బు వాపసు. నాలుగు, సిగ్నల్ మీద ఫిర్యాదు నమోదు.

అడిగే ముందు లెక్క వేయండి

ప్లాను ధరను రోజులతో భాగించండి. ఉదాహరణకు 28 రోజులకు 280 రూపాయలు అనుకుందాం. రోజుకు 10 రూపాయలు. నెలకోసారే కదా అనిపిస్తుంది గానీ, 28 రోజుల లెక్కన ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జీలు. అంటే 3,640 రూపాయలు. ఇంకో చోట 84 రోజులకు 714 రూపాయలు అనుకుందాం. రోజుకు 8 రూపాయల 50 పైసలు. ఏడాదికి తేడా దాదాపు 547 రూపాయలు. ఒక విద్యార్థి నోటుబుక్కుల ఖర్చు అందులో వెళ్లిపోతుంది. ఈ 28 రోజుల గొడవ మీద ఫిర్యాదులు రావడంతో, ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటైనా ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించింది. నెట్ వాడని పెద్దల కోసం మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాను ఇవ్వాలని 2024 డిసెంబరులో మరో నిబంధన తెచ్చింది. మీ నాయనమ్మ బటన్ ఫోన్‌కు డేటా ప్లాను వేయిస్తున్నారేమో ఒకసారి చూడండి.

తర్వాత సిగ్నల్ పరీక్ష. వేరే నెట్‌వర్క్ ఉన్న స్నేహితుల ఫోన్లతో మీరు తిరిగే చోట్లలో మాట్లాడి చూడండి: హాస్టల్ గదిలో, షామీర్‌పేట బస్టాపులో, తుర్కపల్లి దారిలో, మేడ్చల్ స్టేషన్ దగ్గర, అన్నిటికన్నా ముఖ్యంగా మీ ఊళ్లో మీ ఇంట్లో. ధర ఒక్కటే చూస్తే ఏమవుతుందో 2024 చూపించింది. ఆ జూలైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ ధరలు పెంచాయి. బీఎస్ఎన్ఎల్ పెంచలేదు. ఆ ఒక్క నెలలోనే బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షలకు పైగా చందాదారులు పెరిగారు, మిగతా మూడింటికీ తగ్గారు. కానీ నవంబరు నాటికి బీఎస్ఎన్ఎల్‌కు కూడా మళ్లీ తగ్గారు. ధరతో పాటు సిగ్నల్ కూడా చూసుకోవాలని దీని అర్థం.

ఎలా మాట్లాడాలి?

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఫోన్ ఎత్తేది జీతానికి పనిచేసే మన లాంటి పిల్లలే. వాళ్ల మీద అరిస్తే లాభం లేదు. తుర్కపల్లి వైపు కంపెనీలో పనిచేసే ఒక తండ్రి మాట్లాడుతున్నట్టు ఊహించి ఒక నమూనా ఇస్తున్నాను.

“నమస్తే మేడం. ఈ నంబరు ఆరేండ్ల నుంచి మీ దగ్గరనే ఉన్నది. నెలనెలా వేయిస్తున్న. మాకు నెట్ అంత అవసరం లేదు, మాట్లాడుకుంటే చాలు. ఇంతకన్న తక్కువల ఏ ప్లాన్ ఉన్నది?”

“సార్, మీకు ఇప్పుడున్నదే మంచి ప్లాన్ సార్.”

“ఫలానా కంపెనీల 84 రోజులకు ఇంత పడుతున్నది మేడం. మా ఇంట్ల దాని సిగ్నల్ గూడ చూసినం, మంచిగనే ఉన్నది. మీ దగ్గర అట్లాంటిది ఉంటే ఉంటం. లేకుంటే ఈ ప్లాన్ అయిపోయినంక నంబరు మార్చుకుంటం.”

“ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి సార్... ఒక ప్లాన్ ఉంది సార్.”

“దాని వివరాలు మెసేజ్ పంపుండ్రి మేడం. చూసుకుని చెప్త.”

ఇందులో తిట్టు లేదు, అబద్ధం లేదు. ఎదుటి కంపెనీ ధర, సిగ్నల్ సంగతి, గడువు తేదీ – మూడూ కచ్చితంగా చెప్పారు. చివర మాటను మెసేజ్ రూపంలో అడిగారు.

మాట వినకపోతే మారే పద్ధతి

1. మెసేజ్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో ‘పోర్ట్’ అని రాసి, ఒక ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు రాసి 1900కు పంపాలి. రీఛార్జి అయిపోయినా, మీ ప్లానులో మెసేజ్‌లు లేకపోయినా ఈ మెసేజ్ వెళ్లాల్సిందేనని 2021 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది.

2. జవాబుగా 8 అక్షరాల కోడ్ వస్తుంది. అది 4 రోజులు పనిచేస్తుంది.

3. ఆ కోడ్, ఆధార్ తీసుకుని కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లాలి. సిమ్ ఎవరి పేరున ఉంటే వాళ్లే వెళ్లాలి. 18 ఏళ్లు నిండనివారి పేరున సిమ్ ఇవ్వరు కాబట్టి మనలో చాలామంది సిమ్ అమ్మ పేరునో నాన్న పేరునో ఉంటుంది. వాళ్లను వెంట తీసుకెళ్లండి.

4. సర్కిల్ లోపల అయితే 3, వేరే సర్కిల్ నుంచి అయితే 5 పనిదినాల్లో నంబరు మారుతుంది. మారే సమయంలో కొన్ని గంటలు ఫోన్ పనిచేయదు. పరీక్ష ఫీజు, దరఖాస్తు చివరి తేదీ ఉన్న రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

జాగ్రత్తలు

ఆ నెట్‌వర్క్‌లోకి వచ్చి 90 రోజులు నిండితేనే పోర్టు కోడ్ వస్తుంది. కొత్త కంపెనీకి మారాక మళ్లీ 90 రోజులు ఆగాలి. పోస్ట్‌పెయిడ్ అయితే గడువు దాటిన బిల్లు కట్టి ఉండాలి. సిమ్ పోయి డూప్లికేట్ తీసుకుంటే 7 రోజుల దాకా పోర్టు కుదరదని 2024 జూలై 1 నుంచి నియమం వచ్చింది. దొంగలు మన పేరున సిమ్ తీసి నంబరు ఎత్తుకుపోకుండా ఉండటానికే అది.

పాత కంపెనీలో మిగిలిన బ్యాలెన్సు, గడువు కొత్త కంపెనీకి రావు. కాబట్టి ప్లాను ముగిసే వారంలోనే మారాలి. ఏడాది ప్లాను ఒక్కసారే వేయించుకుంటే ఏడాది పాటు బేరం చేతిలో ఉండదని గుర్తుంచుకోండి. పోర్టు కోడ్‌ను ఫోన్‌లో ఎవరు అడిగినా చెప్పవద్దు. అది తాళంచెవి లాంటిది.

న్యాయం జరగకపోతే

అడగకుండా డబ్బు కోస్తే ముందు 155223కు ఫోన్ చేసి ఆ సేవ ఆపించండి. ఫిర్యాదుకు 198. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరును తేదీతో సహా నోటుబుక్కులో రాసుకోండి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. టెలికాం ఫిర్యాదులు వినే అధికారం వినియోగదారుల కమిషన్లకు ఉందని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది. కొన్న సేవ విలువ 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు. మన షామీర్‌పేటలో ఉన్న నల్సార్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంగా చదివేది ఈ హక్కులనే. వాడుకోవడానికి మాత్రం డిగ్రీ అవసరం లేదు.

మిత్రులారా! ఒకప్పుడు పదికి పైగా ఉన్న కంపెనీలు ఇప్పుడు నాలుగే మిగిలాయి: జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్. దుకాణాలు తగ్గేకొద్దీ బేరం కష్టమవుతుంది. అందుకే ఉన్న హక్కును తెలిసి వాడుకోవాలి. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. ఇంట్లో ఎన్ని సిమ్‌లున్నాయి, ఎవరి పేరున ఉన్నాయి, ఒక్కోదానికి రోజుకు ఎంత పడుతోంది, ఏ తేదీన ముగుస్తుంది – ఒక కాగితం మీద రాయండి. అమ్మానాన్నలకు చదివి వినిపించండి. ఫోన్ చేసేటప్పుడు వాళ్ల పక్కన కూర్చోండి.