రెక్కలు మడిచే విమానం

పిల్లలూ! విమానం అనగానే మనకు వందల మందిని ఎక్కించుకుపోయే పెద్ద జెట్టు గుర్తుకొస్తుంది. ఈసారి మన గోడపత్రికలో దాని సంగతి కాదు. కర్రతోనూ బట్టతోనూ చేసిన ఒక బుల్లి విమానం సంగతి చెప్పుకుందాం. అందులో ఇద్దరికే చోటు. పేరు మాత్. ఇంగ్లండులో 1925లో పుట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. యుద్ధం కోసం చేసిన విమానాలూ ఇంజన్లూ గుట్టలుగా మిగిలిపోయాయి. అయినా మామూలు మనిషి విమానం కొనుక్కుని నడపడం కల్ల. యుద్ధ విమానం పెట్రోలు విపరీతంగా తాగుతుంది, దాన్ని పెట్టడానికి పెద్ద షెడ్డు కావాలి, చూసుకోవడానికి నలుగురు మెకానిక్కులు కావాలి. మరి చవకైన విమానం ఎలా వస్తుంది? దీనికోసం 1923లో ఇంగ్లండు దక్షిణ తీరాన లిమ్ అనే చోట పోటీలు పెట్టారు. ఇంజను 750 సి.సి. దాటకూడదని నియమం. అంటే మోటారు సైకిలు ఇంజనంత అన్నమాట! రెన్ అనే విమానం ఒక గాలన్ పెట్రోలుతో 87.5 మైళ్ళు ఎగిరి బహుమతి పంచుకుంది. గాలన్ అంటే సుమారు నాలుగున్నర లీటర్లు. జనం ఆశ్చర్యపోయారు. బాగానే ఉంది గానీ, ఎదురుగాలి గట్టిగా వీస్తే ఇలాంటి విమానాలు ముందుకు సాగలేక తంటాలు పడేవి. పైగా రెన్ లో ఒక్కడికే చోటు. నేర్పేవాడు ఎక్కడ కూచోవాలి? 1924లో మళ్ళీ పోటీ పెట్టి ఇద్దరు కూచునే విమానాలే రావాలన్నారు, ఇంజను 1100 సి.సి. దాకా ఉండొచ్చన్నారు. అదీ చాలలేదు.

జెఫ్రీ డి హావిలాండ్ అనే ఆయన ఇదంతా చూస్తున్నాడు. 1882లో పుట్టాడు, తండ్రి చర్చి గురువు. ఆయన తాతగారి డబ్బుతో సొంతంగా చేసుకున్న తొలి విమానం 1909 డిసెంబరులో గాల్లోకి లేచీ లేవగానే కూలి ముక్కలైంది. ఆ రెక్కలకు బట్ట కుట్టింది ఆయన భార్య లూయీ. ఆయన బతికి బయటపడి మరొకటి చేశాడు. 1920లో లండను పక్కన స్టాగ్ లేన్ లో సొంత కంపెనీ పెట్టాడు. 1923 పోటీకి ఆయన కూడా ఒక చిన్న విమానం పంపాడు. పంపాక ఆయనకు తేలిందేమంటే, ఇంజను మరీ చిన్నదైతే అది ఆట వస్తువే, పనికొచ్చే విమానం కాదు. 1924లో డి.హెచ్.51 అని మరొకటి చేశాడు. దానికి ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజను. అది ఖరీదెక్కువై మూడే మూడు తయారయ్యాయి.

ఒకటి చిన్నదైపోయింది, ఇంకొకటి పెద్దదైపోయింది. ఇక్కడే అసలు తెలివి కనిపిస్తుంది. యుద్ధంలో మిగిలిన రెనో ఇంజన్లలో ఎనిమిది సిలిండర్లు నాలుగు నాలుగు చొప్పున రెండు వరసల్లో ఉంటాయి. ఫ్రాంక్ హాల్ఫర్డ్ అనే ఇంజనీరు, డి హావిలాండ్ కోరిక మీద, అందులో ఒక వరసే తీసుకున్నాడు. కింది పెట్టె మాత్రం కొత్తగా చేశాడు. నాలుగు సిలిండర్లు, 60 హార్స్ పవర్. పాత సరుకే కాబట్టి చవక. దానికి సిరస్ అని పేరు పెట్టారు. నన్నడిగితే, కొత్తది కనిపెట్టడం కంటే ఉన్నదాన్ని సగానికి కోసి సరిపెట్టాలన్న ఆలోచనే గొప్పది.

1925 ఫిబ్రవరి 22న డి హావిలాండే కూచుని మాత్ ను ఎగరేశాడు. ఒడ్డూ పొడుగూ చిన్నవే. ఒంటికి ప్లైవుడ్, రెక్కల లోపల స్ప్రూస్ అనే తేలిక కర్ర, పైన అవిసె నార బట్ట. బట్ట మీద డోప్ అనే వార్నీషు లాంటిది పూస్తారు. అది ఆరేకొద్దీ బట్ట బిగుసుకుంటుంది. పండగ ముందు డప్పును మంటకు కాస్తే చర్మం బిగిసి మోగుతుంది చూడండి, ఈ రెక్కను వేలితో కొట్టినా అలాగే మోగుతుంది. ఇంకో విశేషం, రెక్కలు వెనక్కి మడవొచ్చు. మడిచి కారు వెనక కట్టి లాక్కుపోవచ్చు, మామూలు కొట్టంలో పెట్టుకోవచ్చు. మాత్ అంటే రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే సీతాకోక లాంటి పురుగు. డి హావిలాండ్ కు పురుగులంటే మహా ఇష్టం. అందుకే ఆ పేరు.

ఆ ఏడాదే ప్రభుత్వం ఫ్లయింగ్ క్లబ్బులకు డబ్బు సాయం మొదలుపెట్టింది. క్లబ్బులన్నీ మాత్ లే కొన్నాయి. కొన్నేళ్ళకు పాత రెనో సామాను అయిపోవచ్చింది. అప్పుడు హాల్ఫర్డే జిప్సీ అనే కొత్త ఇంజను గీశాడు. దాన్ని పెట్టింది జిప్సీ మాత్.

ఎమీ జాన్సన్ పేరు విన్నారా? హల్ అనే ఊళ్ళో చేపల వ్యాపారి కూతురు. లండన్లో ఒక వకీలు ఆఫీసులో పనిచేస్తూ క్లబ్బులో విమానం నేర్చుకుంది. అంతటితో ఆగలేదు. ఇంజను విప్పి బిగించే పని కూడా నేర్చి మెకానిక్ లైసెన్సు తీసుకుంది. ఒక పాత జిప్సీ మాత్ కొని 1930 మే 5న ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయల్దేరింది. అప్పటిదాకా ఇంగ్లండు దాటి ఎగిరిందే లేదు! దారిలో పెట్రోలు అయిపోవస్తే మన ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగింది. రంగూన్ దగ్గర గుంటలో పడి ప్రొపెల్లర్ విరిగింది, రెక్క చిరిగింది. పక్కన కట్టుకుని తెచ్చుకున్న రెండో ప్రొపెల్లర్ బిగించారు. రెక్కకు బట్ట ఎక్కడిది? యుద్ధంలో మిగిలిన విమానం బట్టతో అక్కడివాళ్ళు చొక్కాలు కుట్టించుకున్నారట. ఆ చొక్కాలే రెక్కకు మాసికలయ్యాయి. మే 24న డార్విన్ లో దిగింది.

అదే 1930లో ఇండియా, ఇంగ్లండుల మధ్య ఒంటరిగా ఎగిరే తొలి భారతీయుడికి ఆగాఖాన్ బహుమతి పెట్టారు. జె.ఆర్.డి. టాటా ఇటునుంచి, ఆస్పీ ఇంజనీర్ అనే కుర్రాడు అటునుంచి బయల్దేరారు. ఇద్దరివీ జిప్సీ మాత్ లే. ఈజిప్టులో ఎదురుపడ్డారు. ఆస్పీ స్పార్క్ ప్లగ్ లేక చిక్కుకుపోయి ఉన్నాడు. టాటా తన దగ్గరున్నది ఇచ్చేశాడు. గెలిచింది ఆస్పీ! ఆయనే 1960లో మన వైమానిక దళానికి అధిపతి అయ్యాడు.

ఇక టైగర్ మాత్. ఇందులో ఒక లెక్క ఉంది, జాగ్రత్తగా చదవండి. మాత్ లో ముందు సీటుకు సరిగ్గా పైన పై రెక్క, అందులో పెట్రోలు ట్యాంకు, చుట్టూ కర్రలు. పారాచూట్ కట్టుకున్న మనిషి ప్రమాదంలో అందులోంచి దూకాలంటే కష్టం. ప్రాణం పోయే సంగతి కదా! అందుకని పై రెక్కను ముందుకు జరిపారు. జరిపితే కొత్త చిక్కు. స్కేలును వేలి మీద నిలబెట్టి చూడండి, వేలు గరిమనాభి కింద ఉంటేనే నిలుస్తుంది. రెక్కల ఎత్తుడు బలం కూడా విమానం గరిమనాభి దగ్గరే పనిచేయాలి. రెక్క ముందుకు పోతే ఆ బలమూ ముందుకు పోయి ముక్కు పైకి లేస్తుంది. విరుగుడేమిటి? రెక్కల కొసలను వెనక్కి వాల్చారు. దాంతో బలం మళ్ళీ వెనక్కి వచ్చి సరిపోయింది. ఇప్పుడు కింది రెక్క కొసలు నేలకు దగ్గరయ్యాయి, వాటిని కాస్త పైకెత్తారు. ఒక మార్పు ఇంకో మార్పును ఎలా లాక్కొస్తుందో చూశారా? ఇంజన్ని తలకిందులుగా బిగించారు, సిలిండర్లు కిందికి పోయి పైలట్ కు ముందరి చూపు బాగా ఆనింది. 1931 అక్టోబరు 26న మొదట ఎగిరింది.

నేర్పేవాడు ముందు, నేర్చుకునేవాడు వెనక. మాట్లాడుకోవడానికి డాక్టరు స్టెతస్కోపు లాంటి రబ్బరు గొట్టం! బ్రేకులు లేవు. గరిష్ఠ వేగం గంటకు 175 కిలోమీటర్లు. నడపడం తేలికే, బాగా నడపడమే కష్టం. అందుకే నేర్పడానికి మంచిదన్నారు. శిష్యుడి తప్పు వెంటనే బయటపడిపోతుంది మరి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా అంతటా పైలట్లకు ఓనమాలు దీని మీదే. మన హైదరాబాదులో బేగంపేటలోనూ వైమానిక దళం తొలి శిక్షణ బడి టైగర్ మాత్ లతోనే నడిచింది. డి హావిలాండ్ ఫ్యాక్టరీకి మస్కిటో బాంబర్ల పని పడ్డాక, కార్లు చేసే మోరిస్ కంపెనీ వీటిని వేల సంఖ్యలో చేసింది. మొత్తం మీద 8,000కు పైగా తయారయ్యాయి. 1940లో జర్మన్లు దిగుతారనే భయంతో వీటికి చిన్న బాంబులు తగిలించే ఏర్పాటు కూడా చేశారు గానీ, ఆ అవసరం రాలేదు. అంతకుముందే, 1935లో, క్వీన్ బీ అని ఒక రకం వచ్చింది. దాన్ని నేలమీద నుంచి రేడియోతో నడిపేవారు. ఫిరంగి వాళ్ళు గురి నేర్చుకోవడానికి పనికొచ్చేది. నీళ్ళలో పడితే తేలాలని దాని ఒళ్ళు కర్రతోనే చేశారు.

1950లలో చిప్ మంక్ అనే లోహపు విమానం వచ్చి బ్రిటన్ వైమానిక దళంలో దీని చోటు తీసుకుంది. పాత టైగర్ మాత్ లు కొన్ని ఇప్పటికీ ఎగురుతున్నాయి. వాటికి సెల్ఫ్ స్టార్టర్ ఉండదు. ఒక మనిషి ముందు నిలబడి ప్రొపెల్లర్ ను చేత్తో గిర్రున తిప్పి, చటుక్కున వెనక్కి తప్పుకోవాలి.