మన వెబ్‌సైటు గూగుల్‌లో ముందు కనబడుట ఎట్లు?

సోదరులారా, మన నేత కుటుంబములలో పలువురు సరకు అమ్ముటకు వెబ్‌సైట్లు పెట్టుకొన్నారు. వెదకువారికి అవి కనబడకున్నచో, బేరము మన గుడ్డనే కొని మారు అమ్మువానికి పోవును. కనుక ముఖ్యమైన నాలుగు సంగతులు తెలుపుచున్నాము.

1. గూగుల్ గుడ్డను తాకి చూడలేదు. ముఖ్యముగా వ్రాసిన మాటలనే చదువును. “మా ఉత్పత్తులు” అను శీర్షికకంటె “షోలాపూర్ జకార్డు నూలు చద్దరు” అనునది మేలు. కొనువారు మరాఠీలో వెదకినచో, మరాఠీ పుటయు ఉండవలెను.

2. ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క పుట ఉంచి, అందు నూలు, కొలత, ధర, ఉతుకు విధము వ్రాయవలెను. ప్రతి ఫోటోకును ఆల్ట్ అను చోట వివరము చేర్చవలెను.

3. పుట సెల్‌ఫోనులో త్వరగా తెరచుకొనవలెను. పెద్ద ఫోటోలను కుదించి పెట్టుడు.

4. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటుమ్యాపు నమోదు చేయుడు. రుసుము లేదు. ఏ మాటలు వెదకి మన పుటకు వచ్చుచున్నారో అందు తెలియును.

కీవర్డ్స్ ట్యాగులో పేర్లు గుప్పించుట వృథాశ్రమ. దానిని లెక్కింపమని గూగుల్ 2009లోనే ప్రకటించినది. “మొదటి స్థానము ఖాయము” అని సొమ్ము అడుగువారిని నమ్మకుడు. ప్రకటనల చోటు వేరు. మామూలు వరుసలో స్థానమును గూగుల్ అమ్మదు. స్థానము పెరుగుటకై ఇతరుల సైట్లలో లంకెలు కొనుట దాని నియమములకు విరుద్ధము.

ఫలితమునకు కొన్ని నెలలు పట్టవచ్చును. పడుగు వేసిన నాడే చీర దిగదు గదా!