కాలువలు కట్టేలోపు ఇంటిని వేసవికి సిద్ధం చేసుకోవడం ఎలా?

పక్కనే గోదావరి పారుతుంటే మనకు నీళ్లకేం లోటు అనుకుంటాం రావులపాలెంలో. గౌతమి గట్టెక్కి చూస్తే అది నిజమే అనిపిస్తుంది. కానీ పెరట్లో బోరుకు నీరు చాలావరకు కాలువల నుంచీ, వరిచేల నుంచీ భూమిలోకి ఇంకి వస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టా నేలను తడుపుతున్నవి ఆ కాలువలే. దాళ్వా పంట ఒడ్డున పడ్డాక, ఏప్రిల్‌లో వాటిని కట్టేస్తారు. పూడిక తీసి, లాకులు బాగుచేసి, జూన్‌లో సార్వాకు మళ్లీ వదులుతారు.

ఈ నడుమ వారాలే ఇంటికి అసలు పరీక్ష. భూమిలో నీటిమట్టం దిగుతుంది. ఎండ ముదురుతుంది. ఊరంతా ఏసీలు వేయడంతో ఓల్టేజీ పడిపోతుంది. కుళాయి, మోటారు, ఫ్యాను అన్నీ అప్పుడే మొరాయిస్తాయి, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ మాత్రం దొరకరు. మంచినీళ్ల చెరువులను కాలువలు కట్టకముందే నింపుకోవడం ఈ ప్రాంతంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఇంటి పనులకూ అదే గడువు పెట్టుకోవాలి. ఉగాది వెళ్లగానే మొదలుపెడితే రెండు ఆదివారాల్లో ముగించొచ్చు. ఇంతకుముందెప్పుడూ పానా పట్టనివాళ్లు కూడా చేసుకోగలిగేలా వరస చెబుతాను.

దగ్గర ఉంచుకోవాల్సినవి

దవడ జరిగే పానా ఒకటి, స్క్రూడ్రైవర్, కరెంటు టెస్టరు, టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు, అరంగుళం వాచర్లు అరడజను, టార్చిలైటు, పాత గుడ్డలు, బ్లీచింగ్ పౌడరు, పొడవాటి పిడి ఉన్న బ్రష్షు. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి.

1. వాల్వులు ఎక్కడున్నాయో చూసుకోండి

ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే ప్రతి పైపుకూ ఒక వాల్వు ఉంటుంది. ఒక్కొక్కటీ కట్టేసి, ఏ కుళాయి ఆగిందో చూడండి. వంటగది, బాత్‌రూము, పెరడు అని పెయింటుతో పక్కనే రాయండి. అర్ధరాత్రి పైపు పగిలితే ఇంట్లో ఎవరైనా వెళ్లి కట్టగలగాలి. ఏడాదిగా తిప్పని గేట్ వాల్వు బిగుసుకుపోతుంది. బలవంతం చేస్తే కాడ విరుగుతుంది. కొద్దిగా తిప్పి, వెనక్కి తెచ్చి, మళ్లీ తిప్పుతూ పోతే వదులవుతుంది.

2. కారుతున్న చోటు పట్టుకోండి

రాత్రి పడుకునే ముందు ట్యాంకులోకి ఒక కర్ర దించి నీటి మట్టం గుర్తు పెట్టండి. ఎవరూ నీళ్లు వాడకుండా చూసుకుని, తెల్లారగానే మళ్లీ కొలవండి. మట్టం దిగిందంటే ఎక్కడో కారుతోంది.

మొదట అనుమానించాల్సింది ఫ్లష్ ట్యాంకునే. దాని చప్పుడు వినపడదు, చెమ్మ కనపడదు. తెల్లబట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు అందులో వేసి, ఫ్లష్ నొక్కకుండా అరగంట ఆగండి. కింద బేసిన్‌లో నీలిరంగు కనిపిస్తే లోపలి రబ్బరు అరిగిపోయినట్టే. మార్చాల్సింది ఆ రబ్బరు ఒక్కటే.

చుక్కచుక్కగా కారే కుళాయి కింద గ్లాసు పెట్టి పది నిమిషాలు కొలిచి చూడండి. 50 మిల్లీలీటర్లు చేరితే రోజుకు 7 లీటర్ల పైమాటే, నెలకు 216 లీటర్లు. అవన్నీ మోటారు వేసి ఎక్కించిన నీళ్లు.

3. కుళాయి వాచరు మార్చడం

ఇంటి పనుల్లో మొదట నేర్చుకోదగ్గది ఇదే.

ఆ కుళాయికి వచ్చే వాల్వు కట్టేయండి. కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయండి. సింకు కంతలో గుడ్డ కుక్కండి, లేకపోతే చిన్న స్క్రూ జారి డ్రైనేజీలోకి పోతుంది. పిడి మీద బిళ్ల తీస్తే లోపల స్క్రూ కనిపిస్తుంది. దాన్ని విప్పి పిడి లాగండి. కింద కనిపించే నట్టుకు గుడ్డ చుట్టి, పానాతో ఎడమవైపు తిప్పండి. గుడ్డ లేకపోతే పైపూత గీతలు పడుతుంది. కాడ మొత్తం బయటకొస్తుంది, దాని చివర నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. మధ్యలో గుండ్రటి గాడి పడి, అంచులు చితికి ఉందంటే కారడానికి కారణం అదే. అదే సైజు కొత్తది వేసి, విప్పిన వరసకు తిరుగువరసలో బిగించండి. మరీ బలంగా బిగించకండి, కొత్త వాచరు కూడా నలిగిపోతుంది.

పావు చుట్టుకే నీళ్లొచ్చే కొత్తరకం కుళాయిల్లో రబ్బరు ఉండదు, సిరామిక్ బిళ్లలుంటాయి. వాటికి లోపలి స్పిండిల్ మొత్తం మార్చాలి. పాతది చేతపట్టుకుని షాపుకు వెళ్తే సరైనది ఇస్తారు. మరల దగ్గర కారుతుంటే టెఫ్లాన్ టేపు కావాలి. మర ఎటు బిగుస్తుందో అటువైపే పది పన్నెండు చుట్లు చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుంది.

షవరు కంతలు తెల్లగా పూడుకుపోతే అది నీళ్లలోని సున్నం. షవరు విప్పి వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దండి.

4. ట్యాంకు కడగడం

ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా నీళ్లు వాడుకుని, అడుగున జానెడు ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఇంట్లోకి వెళ్లే వాల్వు కట్టేస్తే బురద పైపుల్లోకి దిగదు. బ్రష్షుతో గోడలు, అడుగు రుద్ది, మురికి నీళ్లను కిందనున్న డ్రెయిన్ గుండా వదలండి. సబ్బు పొడి వాడొద్దు, దాని వాసన వారం దాకా పోదు. బకెట్ నీళ్లలో రెండు చెంచాల బ్లీచింగ్ కలిపి గోడలకు పూసి, అరగంట ఆగి రెండుసార్లు కడగండి.

మళ్లీ నింపాక, వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్, అంటే సుమారు అర టీస్పూను, మగ్గు నీళ్లలో కలపండి. పది నిమిషాలు తేరనిచ్చి, పై తేట మాత్రమే ట్యాంకులో పోయండి. గంట ఆగాక వాడుకోవచ్చు. మూత తీసి పెట్టిన బ్లీచింగ్ బలం పోతుంది కాబట్టి కొత్త ప్యాకెట్టే కొనండి. బ్లీచింగ్‌ను బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు పుడుతుంది.

ట్యాంకు మూత గట్టిగా పట్టాలి. పొంగి పారే గొట్టానికి సన్న వల కట్టాలి. డెంగీ దోమ ట్యాంకులోని మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది.

5. బోరు నీళ్లు, మోటారు

బోరులోంచి పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి ఎర్రబారే నీళ్లలో ఇనుము ఉన్నట్టు. గాలి తగిలితే అది తుప్పులా పేరుకుంటుంది. అలాంటి ఇంట్లో ట్యాంకు ఏడాదికి రెండుసార్లు కడగాలి.

డెల్టా ఇసుక పొరల్లో ఎక్కువగా ఉండేవి లోతు తక్కువ ఫిల్టర్ పాయింట్లు. వాటి మీద పెట్టిన మోనోబ్లాక్ మోటారు నీళ్లను కిందినుంచి పీల్చి లాగుతుంది. ఎంత ఖరీదైన మోటారైనా ఏడెనిమిది మీటర్ల లోతుకు మించి పీల్చలేదు, ఎందుకంటే నీళ్లను పైకి నెట్టేది అసలు బయటి గాలి ఒత్తిడే. కాలువలు కట్టాక మట్టం ఆ లోతుకు దగ్గరపడితే మోటారు తిరుగుతుంది గానీ నీళ్లు రావు. “మోటారు గాలి లాగుతోందండి” అని ప్లంబరు చెప్పేది దాన్నే.

అది మట్టం సమస్యో, పైపు సమస్యో ఇప్పుడే తేల్చుకోవాలి. మెయిన్ ఆపి, మోటారు పైనున్న చిన్న మర విప్పి నిండా నీళ్లు పోయండి. అయిదు నిమిషాలు చూడండి. నీళ్లు దిగిపోతుంటే కింది వాల్వు పట్టడం లేదు, లేదా పీల్చే పైపు అతుకు ఎక్కడో వదులైంది. పోసిన నీళ్లు నిలబడి ఉండి కూడా మోటారు వేస్తే నీళ్లు రాకపోతే మట్టమే దిగిందని అనుమానించాలి. అప్పుడు సబ్‌మెర్సిబుల్ గురించి బోరు వేసేవాళ్లతో మాట్లాడుకోండి.

నీళ్లు రాని మోటారును నడవనివ్వకండి. దాని సీలును చల్లబరిచేది ఆ నీళ్లే. అవి లేకపోతే కొద్ది నిమిషాల్లోనే సీలు కాలిపోతుంది. మోటారు ఉరుముతూ తిరగకపోతే వెంటనే ఆపండి. ఓల్టేజీ అయినా తక్కువుండాలి, కెపాసిటరైనా పోయి ఉండాలి. కరెంటు ఆపాక కూడా కెపాసిటర్‌లో షాకు ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. వేసవిలో మోటారు తెల్లవారుజామునే వేయండి. రాత్రంతా ఊరిన నీళ్లుంటాయి, ఓల్టేజీ కూడా బాగుంటుంది.

6. వేడినీళ్ల సంగతి

మే నెల మధ్యాహ్నం పైపు తిప్పితే చేయి కాలే నీళ్లొస్తాయి. నల్ల ట్యాంకు మీద గోనెపట్టాలు కప్పండి, లేదా కొబ్బరి కమ్మల పందిరి వేయండి. డాబా మీద ఎండలో ఉన్న పీవీసీ పైపులకు తెల్లపెయింటు వేయాలి. ఎండకు ఆ ప్లాస్టిక్ పెళుసుబారి, చిన్న దెబ్బకే పగులుతుంది.

కరెంటు గీజరు స్విచ్ మెయిన్ దగ్గరే ఆపేయండి. సోలార్ గీజరు ఉంటే గాజు గొట్టాలు ఎండిపోకుండా చూడండి. వట్టి గొట్టాలు ఎండకు కాలి ఉన్నప్పుడు చల్లనీళ్లు పడితే పగిలిపోతాయి. ఎండిపోయినట్టు తెలిస్తే పొద్దుపోయాకే నింపాలి.

7. ఫ్యాను, కూలరు, ఏసీ

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే ముందు రెక్కల మీది దుమ్ము తుడవండి. అయినా అంతేనంటే కెపాసిటర్ బలహీనపడి ఉంటుంది. చాలా సీలింగ్ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది పడుతుంది. మార్పించడానికయ్యే ఖర్చు తక్కువే.

కూలరు గాలిని తడిపి చల్లబరుస్తుంది. అనంతపురం పొడి ఎండలో అది బాగా పనిచేస్తుంది. కోనసీమ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి, తలుపులు మూసి కూలరు వేస్తే ఉక్కపోత పెరుగుతుంది. కిటికీ దగ్గర బయటి గాలి పీల్చేలా పెట్టి, ఎదుటి కిటికీ తెరిచి ఉంచండి. ఉక్క బాగా ఉన్న రోజు పంపు ఆపి ఫ్యాను మాత్రం వాడుకోండి. తొట్టిలో నీళ్లు వారానికోసారి పూర్తిగా పారబోసి, తుడిచి నింపాలి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

ఏసీ ముందు మూత ఎత్తితే వచ్చే జల్లెడలను రెండు వారాలకోసారి నీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టండి. గదిలో నీళ్లు కారితే డ్రెయిన్ గొట్టంలో నాచు అడ్డుపడి ఉంటుంది. 2020 నుంచి తయారయ్యే ఏసీలు 24 డిగ్రీల దగ్గరే ఆన్ అవ్వాలన్నది కేంద్రం పెట్టిన నియమం. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. 26 పెట్టి, ఫ్యాను కూడా వేసుకుంటే ఒంటికి హాయిగానే ఉంటుంది.

ఎర్త్ గుంతలో వారానికో బకెట్ నీళ్లు పోయండి. మట్టి ఎండితే ఎర్త్ పట్టదు, ఫ్రిజ్‌నో మోటారునో ముట్టుకుంటే జిల్లుమంటుంది.

8. డాబా

డాబా ఊడ్చి, కడిగి, పగుళ్లను సుద్దముక్కతో గుర్తుపెట్టి, వాటర్‌ప్రూఫ్ మసాలాతో పూడ్చండి. అది ఆరాక, పొద్దువాలిన తర్వాత డాబాను తడిపి, సున్నం రెండు పూతలు వేయండి. రెండోది మొదటిదానికి అడ్డంగా పూయాలి. కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి, సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వానలకు సున్నం కరిగిపోతుంది, ఏటా వేయాలి. కూల్‌రూఫ్ పెయింటు ఖరీదెక్కువైనా కొన్నేళ్లుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసం ప్రత్యేక విధానమే తెచ్చింది.

పడమటి కిటికీకి తెర లోపల కంటే బయట కట్టండి. అద్దం దాటిన ఎండ గదిలోనే ఉండిపోతుంది. వట్టివేళ్ల తడికో, కొబ్బరాకుల తడికో బయట వేలాడదీస్తే ఎండ అక్కడే ఆగుతుంది. పందిరికి వాడే ఎండుకమ్మలు మాత్రం కరెంటు తీగలకూ పొయ్యికీ దూరంగా ఉండాలి.

9. మృగశిరలోపు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల వెనకే జూన్ మొదట్లో మృగశిర వస్తుంది. అంతకుముందే డాబా గొట్టాల్లో ఆకులు తీసి, వాననీళ్లు దిగే దారి శుభ్రం చేయండి. సెప్టిక్ ట్యాంకు మూడేళ్లు దాటితే వానలకు ముందే సక్షన్ ట్యాంకర్‌ను పిలిపించండి. మనిషిని లోపలికి దించకండి. 2013లో వచ్చిన చట్టం దాన్ని నిషేధించింది, లోపల పేరుకున్న విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. నీళ్ల సంపులోకి దిగాల్సి వచ్చినా మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనిచ్చి, పైన మరో మనిషి ఉంటేనే దిగాలి.

మెయిన్ బోర్డు తీగలు, కెపాసిటర్లు, ఏసీ గ్యాసు, బోరులో పైపులు తీయడం పనివాళ్లకు వదిలేయాల్సినవి. వాళ్లకూ ముందే చెప్పి ఉంచండి, ఏప్రిల్ దాటితే వాళ్ల ఫోను ఖాళీ ఉండదు.

చేసిన ప్రతి పనికీ తేదీ వేసి, మోటారు బోర్డు పక్కన కాగితం అతికించండి. ట్యాంకు ఎప్పుడు కడిగారు, వాచరు ఎప్పుడు మార్చారు, కాలువ కట్టాక మోటారు ఎన్ని నిమిషాల్లో ట్యాంకు నింపుతోంది అని. పోయినేడు నలభై నిమిషాల్లో నిండింది ఈసారి గంట పడితే, బోరు ఎండకముందే సంగతి తెలుస్తుంది. ఇంట్లో పిల్లలను కూడా దగ్గరుంచుకుని చేయండి. వాల్వు కట్టడం, వాచరు మార్చడం పదేళ్ల పిల్లలకు వచ్చేస్తాయి. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చిన్నప్పుడే తెలిసినవాళ్లు పెద్దయ్యాక వాటిని వృథా పోనివ్వరు.