కంటిలో ధరించు లెన్సులు

గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక తండ్రి మమ్ము ప్రక్కకు పిలిచి, "మాస్టరుగారూ, మా అమ్మాయికి రెండు కండ్లకును మైనస్ ఎనిమిది నెంబరు. కండ్లజోడు పెట్టుకొనుటకు సిగ్గుపడి, నల్లబల్ల కానరాక వెనుకబడుచున్నది. కంటిలో పెట్టు లెన్సులు కొనవచ్చునా?" అని యడిగెను. అప్పుడు ముక్తసరిగా రెండు మాటలు చెప్పి పంపితిమి. అది చాలదని పిదప తోచినందున ఇచట కొంత విపులముగ వ్రాయుచున్నాము.

ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. 1888వ సంవత్సరమున అడాల్ఫ్ ఫిక్ అను జర్మను వైద్యుడు గాజుతో చిన్న గిన్నెవంటి లెన్సును చేయించి, మొదట కుందేళ్ల కండ్లకును, పిమ్మట తన కంటికిని పెట్టి చూచెను. తెల్లగ్రుడ్డును గూడ కప్పు ఆ బరువైన గాజును కొద్ది గంటలకు మించి భరించుట కష్టమయ్యెను. నేటి మెత్తని లెన్సులకు దారి చూపినవాడు చెకోస్లొవేకియా రసాయనశాస్త్రజ్ఞుడగు ఓటో విఖ్టెర్లే. 1961 క్రిస్మసు దినములలో ఆయన తన యింటి వంటగదిలోనే, పిల్లలు ఆడుకొను లోహపు బద్దల సామగ్రిని సైకిలు డైనమోతో కూర్చి, లెన్సులు పోతపోయు యంత్రమును నిర్మించెను. ఆటవస్తువులను విప్పి పాడుచేయుచున్నారని కుమారులను దండించు తల్లులు ఈ సంగతి గమనింతురు గాక!

నల్లగ్రుడ్డుపై గడియారపు అద్దమువలె నుండు పారదర్శకమైన పొరకు కార్నియా యని పేరు. నడుమ దీని మందము సుమారు అర మిల్లీమీటరు. ఇందు రక్తనాళములు లేవు. ఉండిన యెడల వెలుతురు చక్కగ లోనికి పోజాలదు. కావున దీనికి కావలసిన ప్రాణవాయువు చాలవరకు గాలినుండి కన్నీటిలో కరగి చేరవలెను. లెన్సు ఆ దారికి అడ్డముగ కూర్చుండునది. నిద్రలో రెప్పలు మూసియుండుటచే గాలి మొదలే తక్కువ. లెన్సుకూడ నున్నచో కార్నియా వాచి, సూక్ష్మజీవులకు లోబడును. లెన్సుతో నిద్రింపరాదని వైద్యులు పదే పదే చెప్పుట ఇందువలననే.

ఇక ఎన్నిక. కండ్లజోడు చీటీ చూపి లెన్సులు కొనుట పొరపాటు. జోడు కంటికి సుమారు పండ్రెండు మిల్లీమీటర్ల దూరమున నుండును. లెన్సు కంటిపైననే యుండును. అందుచే మైనస్ ఎనిమిది డయాప్టర్ల జోడు ధరించువారికి లెన్సు సుమారు మైనస్ ఏడుంబావు చాలును. పై తరగతుల బాలురు లెక్కచేసి చూచుకొనవచ్చును. పెట్టెపై 8.6 అనియో, మరియొకటియో వ్రాసియుండు అంకె లెన్సు వంపును మిల్లీమీటర్లలో తెలుపును. ఆ వంపు కంటికి సరిపోనిచో లెన్సు బిగిసిపోవును, లేదా జారుచుండును. వైద్యుడు కంటిపై పెట్టి చూచినగాని ఇది తెలియదు.

మెత్తని లెన్సులలో ఒక దినము ధరించి పారవేయునవి, మాసము వాడునవి మొదలగు భేదములు కలవు. దినదినము పారవేయునవి ఖర్చైనను, కడుగుట, దాచుట అను బాధ లేనందున పిల్లలకు అవియే మేలని మా యభిప్రాయము. కార్నియా శంకువువలె ముందుకు సాగినవారికి గట్టి లెన్సులే తగును. 1987లో స్థాపింపబడిన హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ వంటి చోట్ల అట్టివి అమర్తురు. పెండ్లిండ్లకని పరీక్ష లేకుండ కొను నీలికండ్ల రంగు లెన్సులను మాత్రము మేము మెచ్చము. నెంబరు లేకున్నను అవియు కంటిని కప్పునవే.

సంరక్షణ విషయమున మా పూర్వవిద్యార్థిని యొకతె పడిన బాధ చెప్పక తప్పదు. కాలేజీ హాస్టలులో మందునీరు అయిపోగా, రెండు మూడు దినములు కొళాయినీటిలోనే లెన్సులు నానవేసెను. నీటియందు అకాంతమీబా యను ఏకకణజీవి యుండవచ్చును. త్రాగినవారికి సాధారణముగ హాని లేదు గాని, లెన్సుక్రింద చిక్కిన యెడల కార్నియాను తొలుచును. ఆ బాలిక మాసముల తరబడి, తొలిదినములలో రాత్రింబవళ్లు గంటగంటకు చుక్కలు వేసికొని కన్ను దక్కించుకొనెను. మచ్చ మాత్రము మిగిలెను. కావున నూతినీరు, కొళాయినీరు, కాచి చల్లార్చిన నీరు సైతము లెన్సుకు తగులరాదు. పుష్కరస్నానమైనను, చెరువులో ఈతయైనను లెన్సులు తీసిన పిదపనే.

సబ్బుతో చేతులు కడిగి, పొడిగుడ్డతో తుడుచుకొని లెన్సు ముట్టవలెను. మిరపకాయలు తరిగిన చేయి ఒకసారి కడిగినను చాలదని మా యింటివారు అనుభవముతో చెప్పుదురు. వ్రేలికొనపై నిలిపినప్పుడు అంచు గిన్నెవలె నిటారుగ నుండవలెను. పళ్లెమువలె విచ్చుకొన్నచో తిరుగబడినదని యర్థము. ఎప్పుడును కుడికంటితోనే ఆరంభించినచో రెండును తారుమారు కావు. కాటుక పెట్టువారు లెన్సు పెట్టిన పిదపనే పెట్టవలెను. తీసిన లెన్సును అరచేతిలో మందునీటితో రుద్ది కడుగవలెను. డబ్బాలోని పాతనీటిపై క్రొత్తది పోయక, మొత్తము పారబోసి, బోరగించి యారబెట్టవలెను. మూడు మాసములకొక క్రొత్త డబ్బా అవసరము. కన్ను ఎర్రబడినను, నొచ్చినను, మసకబారినను వెంటనే లెన్సు తీసి, దానిని డబ్బాతో సహా వైద్యునికి చూపవలెను. ఏ జీవి చేరినదో వాటినిబట్టి తెలియవచ్చును.

ఆ తండ్రి మా మాట విని కుమార్తెను వైద్యునివద్దకు తీసికొనిపోయెను. ఆమె తల్లి యెదుట కొన్ని వారములు పెట్టుట, తీయుట అభ్యసించినది. ఇప్పుడు బడిదినములలో లెన్సులు, ఇంటివద్ద కండ్లజోడు. మొన్న కండ్లకలక వచ్చి తగ్గిన పిదప వైద్యుని యాజ్ఞపై పదిదినములు జోడుతోనే బడికి వచ్చినది, ఎవరును నవ్వలేదు.