మత్స్యకార మహిళల అభివృద్ధి పథకాలు: మేలు జరిగిందని ఎలా తెలుసుకోవాలి?

వార్షికోత్సవ సంచికకు ఈసారి కథలూ కవితలే కాకుండా పదిమందికీ ఉపయోగపడే పాఠం ఒకటి రాయమని ట్యూటర్ గారు మాకు చెప్పారు. మేము డిగ్రీ చదువుతున్నాం. అయిదుగురం ఒకే గదిలో ఉంటాం. ఇద్దరివి సముద్రపు ఒడ్డు ఊళ్ళు. వాళ్ళ అమ్మలు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతారు. మిగతా ముగ్గురివీ కూలి పనులు చేసుకునే కుటుంబాలు.

ఏం రాద్దామా అని ఆలోచిస్తుండగా దసరా సెలవులకు వెళ్ళొచ్చిన మిత్రుడు ఒక మాట అన్నాడు. "మా అమ్మకి ఐస్ పెట్టె ఇచ్చారురా. అందులో బియ్యం పోసుకుంటున్నాం. ఎలకలు రావట్లేదు." అందరం పకపకా నవ్వాం. వాడు మాత్రం నవ్వలేదు. ఆ పెట్టెకు లబ్ధిదారు వాటా కట్టడానికి వాళ్ళమ్మ అప్పు తెచ్చింది. ఆ వాయిదాల వల్లే వాడి పరీక్ష ఫీజు ఆలస్యమైంది. ఊరి బోర్డు మీద మాత్రం పథకం నూటికి నూరు శాతం పూర్తయినట్టు రాసి ఉందట.

మరి ఆ పథకం గెలిచినట్టా, ఓడినట్టా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివిన విషయాలే ఈ వ్యాసం.

ఈ పథకాలు ఎవరి కోసం?

చేపల వేట అనగానే మనకు పడవ, వల, మగవాళ్ళు గుర్తొస్తారు. కానీ పడవ ఒడ్డుకు చేరాక పని చాలావరకు ఆడవాళ్ళదే. వేలంపాటలో చేప కొనడం, ఏరడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, సంతకు మోయడం, అమ్మడం వాళ్ళే చేస్తారు. 2005లో జరిగిన సముద్ర మత్స్య గణన ప్రకారం దేశం మొత్తం మీద మత్స్యకారుల్లో చేపల అమ్మకంలో ఉన్న ప్రతి పదిమందిలో ఎనిమిది మంది స్త్రీలే. 2010 గణనలో ఆంధ్ర తీరంలో 555 మత్స్యకార గ్రామాలు, 6 లక్షలకు పైగా జనాభా ఉన్నట్టు తేలింది. అంటే మన తీరంలో ఇల్లు గడవడం పడవ మీద ఎంత ఆధారపడిందో గంప మీద కూడా అంత ఆధారపడి ఉంది.

వీరి కోసం పథకాలు రాకపోలేదు. 1982లో డ్వాక్రా వచ్చింది. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఆరు జిల్లాల్లో వెలుగు మొదలైంది. వాటిలో శ్రీకాకుళం, విజయనగరం సముద్రతీర జిల్లాలే. పొదుపు సంఘాలు, మత్స్యకార మహిళా సహకార సంఘాలు, ఐస్ పెట్టెలు, ఎండబెట్టే అరుగులు, 2020 నుండి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన, ఇలా ఎన్నో వచ్చాయి. ఏది మేలు చేసిందో చెప్పాలంటే ముందు "మేలు" అంటే ఏమిటో తేల్చుకోవాలి.

ఇచ్చింది వేరు, వాడింది వేరు, మారింది వేరు

దీన్ని అర్థం చేసుకోవడానికి సముద్రం దాకా పోనక్కరలేదు. ఒక హాస్టల్‌కు బీరువా నిండా పోటీ పరీక్షల పుస్తకాలు వచ్చాయనుకుందాం. స్టాకు రిజిస్టరులో "200 పుస్తకాలు అందినవి" అని రాస్తారు. ఇది ఇచ్చిన దాని లెక్క. ఆ బీరువాకు తాళం వేసి ఉంటుందా, పిల్లలు తీసి చదువుతున్నారా అన్నది వాడకం లెక్క. ఆ చదువు వల్ల ఎవరికైనా ఉద్యోగం వచ్చి ఇంటి పరిస్థితి మారిందా అన్నది మార్పు లెక్క.

నివేదికల్లో ఎక్కువగా కనిపించేది మొదటి లెక్క. అది రాయడం సులువు. పెట్టెలు ఎన్ని పంచారో రసీదులు చెబుతాయి. రెండోది తెలియాలంటే ఇంటికి వెళ్ళి పెట్టె మూత తీసి చూడాలి. మూడోది తెలియాలంటే రెండు మూడేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాలి. మా మిత్రుడి ఇంట్లో మూత తీస్తే బియ్యం కనిపిస్తాయి. మూత తీసినవాళ్ళు ఇంతవరకు లేరు.

ఒక పాత పాఠం: కేరళలో నార్వే ప్రాజెక్టు

స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో మన దేశంలో మొదలైన పెద్ద విదేశీ సహాయ ప్రాజెక్టుల్లో ఒకటి ఇండో-నార్వే మత్స్య ప్రాజెక్టు. 1952లో ఒప్పందం జరిగింది. 1953లో కేరళలోని కొల్లం దగ్గర నీండకర, శక్తికులంగర ప్రాంతంలో పని మొదలైంది. పడవలకు యంత్రాలు పెట్టి, ఐస్ ఫ్యాక్టరీ కట్టి, జాలర్ల ఆదాయం పెంచి, చుట్టుపక్కల జనానికి మంచి చేప అందించాలని అనుకున్నారు. దానితోపాటు ఆరోగ్య కేంద్రం, కుళాయి నీళ్ళు కూడా ఏర్పాటు చేశారు.

అనుకున్నది ఒకటి, అయింది ఒకటి. విదేశాల్లో రొయ్యకు గిరాకీ రావడంతో యంత్రపు పడవలు రొయ్యల వేటకు మళ్ళాయి. డబ్బున్న బయటివాళ్ళు కూడా పడవలు కొన్నారు. నార్వే దేశపు పరిశోధకుడు ఆర్నె మార్టిన్ క్లౌసెన్ ఈ ప్రాజెక్టును పరిశీలించి 1968లో పుస్తకం ప్రచురించాడు. ఆ తర్వాత ఆర్థికవేత్త లీలా గులాటి ఆ ఊళ్ళ స్త్రీల జీవితాల్లో ఏం జరిగిందో అధ్యయనం చేశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ దాన్ని 1984లో ప్రచురించింది.

ఈ ప్రాజెక్టు నుండి మేము నేర్చుకున్నవి మూడు.

మొదటిది: స్త్రీల కోసమని ప్రత్యేకంగా అనుకోకపోయినా వాళ్ళ బతుకు మారింది. రొయ్యలు కొని అమ్మే పని, తొక్క తీసే పని పెరిగాయి. అదే కాలంలో ఫ్యాక్టరీలో నేసిన నైలాన్ వలలు రావడంతో చేత్తో వల అల్లి సంపాదించుకునే ఆడవాళ్ళ పని పోయింది. లాభం లెక్క ఒక పద్దులో, నష్టం లెక్క ఇంకో పద్దులో ఉంటే మొత్తం ఎప్పటికీ తేలదు.

రెండోది: పక్కపక్క ఊళ్ళయినా ఫలితం ఒకేలా రాలేదు. ఆడవాళ్ళు బయటికెళ్ళి వ్యాపారం చేసే అలవాటున్న ఊళ్ళో అవకాశం అందుకున్నారు. ఆ ఆచారం లేని ఊళ్ళో అందుకోలేకపోయారు. కాబట్టి "మహిళలకు మేలు జరిగింది" అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ మహిళలకు అని అడగాలి.

మూడోది: అందరూ పడవల గురించే మాట్లాడతారు. పసిబిడ్డ తల్లికి మాత్రం కుళాయి, ఆరోగ్య కేంద్రమే పెద్ద మేలు కావచ్చు.

గంప లెక్క

నివేదికల్లో "అమ్మకాలు పెరిగాయి" అని రాస్తే సంతోషపడే ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ఇవి ఉదాహరణ కోసం మేము వేసుకున్న అంకెలే.

ఐస్ పెట్టె రాకముందు ఒక రోజు: చేప కొనుగోలు రూ. 3,000, ఆటో రూ. 150, సంతలో ఆశీలు రూ. 50. మొత్తం ఖర్చు రూ. 3,200. అమ్మకం రూ. 3,700. మిగిలింది రూ. 500.

పెట్టె వచ్చాక ఒక రోజు: చేప రూ. 3,000, ఐస్ రూ. 150, పెట్టెకు చోటు ఎక్కువ పడుతుంది కాబట్టి ఆటో రూ. 250, ఆశీలు రూ. 50, అప్పు వాయిదా రోజుకు రూ. 60. మొత్తం ఖర్చు రూ. 3,510. చేప తాజాగా ఉంది కాబట్టి అమ్మకం రూ. 4,000. మిగిలింది రూ. 490.

అమ్మకం రూ. 300 పెరిగింది. చేతిలో మిగిలేది రూ. 10 తగ్గింది. నివేదిక రాసేవారికి పై అంకె కనిపిస్తుంది, ఇల్లు నడిపే అమ్మకు కింది అంకె కనిపిస్తుంది.

అయితే ఒక్క రోజు లెక్క చూసి పెట్టె దండగ అనడం కూడా తప్పే. పెట్టె లేనప్పుడు సాయంత్రానికి మిగిలిన చేపను అయినకాడికి అమ్మేయాలి, లేదా ఉప్పులో వేయాలి. పెట్టె ఉంటే మర్నాటికి ఉంచుకోవచ్చు. అప్పు తీరాక వాయిదా కూడా ఉండదు. కాబట్టి కనీసం నెల రోజుల లెక్క తీయాలి. పైగా మన ఎండలకు కిలో చేపకు ఇంచుమించు కిలో ఐస్ కావాలని చెబుతారు. దగ్గరలో ఐస్ దొరకని ఊళ్ళో పెట్టె పంచితే అది బియ్యం డబ్బాయే అవుతుంది.

ఎండుచేప సంగతీ ఇంతే. ఇసుకలో కాకుండా అరుగు మీదో వెదురు తడికల మీదో ఆరబెడితే నెత్తళ్ళు శుభ్రంగా ఉంటాయి. కానీ ముందే అప్పిచ్చిన వ్యాపారి ఇసుక ఉన్నా లేకపోయినా ఒకే ధర కడితే ఆ శుభ్రతకు ఫలం వ్యాపారికే పోతుంది. అరుగు కట్టారా అన్న ప్రశ్న పక్కన ధర పెరిగిందా, పెరిగితే ఎవరికి అన్న ప్రశ్న కూడా ఉండాలి.

డబ్బుతోపాటు కాలాన్నీ లెక్కించాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషికి పథకం వల్ల ఇంకో రెండు గంటల పని, మీటింగుల తిరుగుడు పెరిగితే అదీ ఖర్చే. ఆ రెండు గంటల పనిని ఇంట్లో చెల్లెలు బడి మానేసి చేస్తుంటే అది ఇంకా పెద్ద ఖర్చు.

దేనితో పోల్చాలి?

"పథకానికి ముందు ఇంత, తర్వాత ఇంత" అని చెప్పడం మామూలు. సముద్రం దగ్గర ఇది మోసం చేస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవల వేట నిషేధం. మే నెల ఆదాయం "ముందు", ఆగస్టు ఆదాయం "తర్వాత" అని రాస్తే ఏ పథకమైనా గొప్పగా కనిపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ నెలతో పోలిస్తే మరుసటి ఏడాది అంతా అభివృద్ధే.

అందుకని ఒక ఏడాది ఏ నెలలో చూశామో మరో ఏడాది అదే నెలలో చూడాలి. పథకం రాని పక్క ఊరిని కూడా చూడాలి. రెండు ఊళ్ళలోనూ ఆదాయం ఒకేలా పెరిగితే ఆ ఏడు చేప బాగా పడిందని అర్థం. ఆ ఘనత పథకానిది కాదు, సముద్రానిది.

ఎవరు లెక్కలోకి రాలేదు?

నిషేధ కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నుండి రూ. 10,000, 2025లో రూ. 20,000 చొప్పున సాయం అందించింది. వేట ఆగి కష్టపడే కుటుంబాలకు ఇది అవసరమే. అయితే అది పడవ మీద వేటకు వెళ్ళేవారి పేరున వస్తుంది. పడవ ఆగితే గంపా ఆగుతుంది. ఇంట్లో మగదిక్కు లేని చేపలమ్మికి ఆ రెండు నెలలు ఎలా గడుస్తాయో అడగడం కూడా అంచనాలో భాగమే.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత కూడా ఇలాగే జరిగింది. పోయిన పడవలు, వలలు కంటికి కనిపించాయి, వాటికి సాయం వచ్చింది. గంప, త్రాసు, అప్పుకు తెచ్చిన సరుకు పోగొట్టుకున్న ఆడవాళ్ళ నష్టం అంత తేలిగ్గా లెక్కకెక్కలేదు.

మా గదిలో ఇంకో మాట కూడా వచ్చింది. రొయ్యల షెడ్లలో తొక్క తీసేవారిలో మా పేటల ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు పుట్టుకతో మత్స్యకారులు కారు కాబట్టి మత్స్యకార సంఘంలో సభ్యత్వం ఉండదు. చేసే పని ఒకటే, చేతులు కోసుకుపోయేదీ ఒకేలా. ఒకరు పథకంలో ఉంటారు, ఒకరు ఉండరు. 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సభ్య దేశాలు ఆమోదించిన చిన్నతరహా మత్స్యరంగ మార్గదర్శకాలు పట్టేవారినే కాక శుభ్రం చేసేవారిని, అమ్మేవారిని కూడా మత్స్య కార్మికులుగానే చూడమంటాయి.

ఆరు ప్రశ్నలు

ఓఇసిడి అనే సంస్థలోని అభివృద్ధి సహాయ కమిటీ 1991లో అయిదు ప్రమాణాలు పెట్టింది, 2019లో ఆరోది చేర్చింది. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు గుర్తుంచుకోవడానికి మా మాటల్లో రాస్తున్నాం.

1. అవసరం: ఇది వాళ్ళు అడిగిందా, మనం ఇవ్వాలనుకున్నదా?
2. పొందిక: మిగతా పథకాలతో కలుస్తుందా? పెట్టె ఇచ్చేవారికి, ఐస్ ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చేవారికి మధ్య మాట ఉందా?
3. ఫలితం: అనుకున్నది నెరవేరిందా?
4. పొదుపు: ఇదే డబ్బుతో ఇంతకన్నా మేలు చేయవచ్చా?
5. ప్రభావం: అనుకున్నవీ అనుకోనివీ కలిపి ఏం మారింది? ఎవరికి?
6. నిలకడ: ప్రాజెక్టు ఆఫీసు మూసేశాక కూడా నడుస్తుందా?

వీటికి మేము ఏడోది చేర్చుకున్నాం: ఈ ప్రశ్నలు ఎవరిని అడిగారు? గ్రూపు లీడరును పంచాయతీ ఆఫీసులో పదకొండు గంటలకు అడిగితే ఒక జవాబు వస్తుంది. ఆ సమయానికి గంప ఎత్తినవాళ్ళు ఊళ్ళో ఉండరు. వాళ్ళను కలవాలంటే తెల్లవారుజామున ఒడ్డుకు, లేదా మధ్యాహ్నం సంతకు వెళ్ళాలి.

చివరగా

సంక్రాంతి సెలవుల్లో మా మిత్రుడు ఈ ప్రశ్నలన్నీ వాళ్ళమ్మను అడిగాడు. ఆమె చెప్పింది వాడి నోట్సులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం.

"పెట్టె మంచిదేరా నాయనా. ఐస్ ఫ్యాక్టరీ దగ్గరున్న మీ పిన్నికి బాగా పనికొచ్చింది. మనకి ఐస్ రావాలంటే రెండు ఆటోలు మారాల. నన్నడిగుంటే సంతలో కూచోడానికి నీడ, ఆడోళ్ళకి ఒక మరుగుదొడ్డి అడిగుందును. పొద్దున్నించీ సాయంత్రం దాకా నీళ్ళు తాక్కుండా కూచుంటాం. అయినా అడిగినోళ్ళెవరు? నువ్వే మొదట."

అదే పెట్టె ఒక ఇంట్లో పని చేసింది, ఇంకో ఇంట్లో బియ్యం డబ్బా అయింది. కాబట్టి ఇది పూర్తిగా గెలిచిందీ కాదు, పూర్తిగా ఓడిందీ కాదు. పరిష్కారాలు లేకపోలేదు. 2021లో తిరువనంతపురంలో కేరళ ఆర్టీసీ బస్సులు చేపలమ్మే స్త్రీలను గంపలతో సహా ఉచితంగా ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. మామూలు బస్సులో వాసనని దింపేసే అవమానం ఎంతటిదో తెలిసినవాళ్ళ మాట విన్నందువల్లే అటువంటి ఆలోచన వస్తుంది.

ఈ హాస్టల్లో చదివి ఈరోజు మండల ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న అన్నలకు, అక్కలకు మా విన్నపం ఒక్కటే. మీ బల్ల మీదికి "నూటికి నూరు శాతం" అన్న కాగితం వచ్చినప్పుడు సంతకం పెట్టే ముందు ఒక్క ఇంటికి వెళ్ళి పెట్టె మూత తీసి చూడండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మను ఆ ఏడు ప్రశ్నలు అడిగి నోట్సులో రాసుకుని రండి. వచ్చే సంచికలో ఆ జవాబులన్నీ ఒకచోట వేద్దాం.