ఫిట్టరుకు చెప్పలేని ఫీచరు వద్దు

మోటార్ల కండిషన్ మానిటరింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు వైబ్రేషన్ సిగ్నల్ నుంచి దొరికిన ఫీచర్లన్నీ తోడి మోడల్‌కు అప్పగిస్తారు. మోడల్ "బేరింగ్ పోయింది" అంటుంది. ఎలా తెలిసిందని ఫిట్టరు అడిగితే జవాబుండదు. ఆ మాట మీద నడుస్తున్న మోటారును ఆపడానికి ఏ షిఫ్ట్ ఇన్‌చార్జీ ఒప్పుకుంటాడు?

అందుకే ఫీచర్ల వేట మోటారు దగ్గరే మొదలుపెట్టండి. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వాడే కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ డేటానే తీసుకోండి. అందులో డ్రైవ్ ఎండ్ బేరింగ్ 6205. ఔటర్ రేసు మీద గంటు పడితే షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేసరికి సగటున 3.58 దెబ్బలు తగులుతాయి, ఇన్నర్ రేసు అయితే 5.42. వేగం 1797 ఆర్‌పీఎం అయితే అవి సుమారు 107, 162 హెర్ట్జ్. ఎన్వలప్ స్పెక్ట్రమ్‌లో ఆ చోట్ల శిఖరం ఎంత ఎత్తు లేచిందో అదే మీ ఫీచరు. దాన్ని హెర్ట్జ్‌లో కాకుండా షాఫ్ట్ వేగానికి ఎన్ని రెట్లన్న లెక్కలో రాసుకోండి. లోడ్ పెరిగి వేగం తగ్గినా లెక్క తప్పదు.

రోటార్ బార్ విరిగిందన్న అనుమానముంటే కరెంటు చూడండి. 50 హెర్ట్జ్ సప్లై మీద 4 పోల్ మోటారు 1470 ఆర్‌పీఎంతో తిరిగితే స్లిప్ 2 శాతం. పక్క శిఖరాలు 48, 52 హెర్ట్జ్ దగ్గర లేస్తాయి. లోడ్ లేనప్పుడు అవి 50లోనే కలిసిపోతాయి. లోడ్ మీద 10 సెకన్లు రికార్డు చేస్తే 0.1 హెర్ట్జ్ తేడా కూడా తెలుస్తుంది.

ఇక ఏరివేత. సగటు సున్నా ఉన్న సిగ్నల్‌లో ఆర్‌ఎంఎస్, స్టాండర్డ్ డీవియేషన్ ఒకటే. రెండూ ఉంచితే మోడల్ ప్రాధాన్యాన్ని చెరిసగం చేసి రెండింటినీ చిన్నవిగా చూపిస్తుంది. ఒకటి తీసేయండి. కర్టోసిస్ మంచి బేరింగులో 3 దగ్గర ఉంటుంది, తొలి గంటుకు ఎగురుతుంది, దెబ్బ రేసంతా పాకాక మళ్లీ దిగుతుంది. అది చూసి బేరింగ్ బాగుపడిందనుకుంటే అంతే సంగతులు! పక్కన ఆర్‌ఎంఎస్ ఉండాల్సిందే.

99 శాతం కచ్చితత్వం వస్తే ముందు అనుమానించండి. కేస్ వెస్టర్న్ డేటాలో ఒక్కో బేరింగును 0 నుంచి 3 హెచ్‌పీ దాకా నాలుగు లోడ్ల మీద రికార్డు చేశారు. లోడ్ల వారీగా విడదీసినా ట్రైనింగ్‌లో ఉన్న బేరింగే టెస్టులోనూ ఉంటుంది. మీ ప్లాంటులోనైతే ఒక మోటారు డేటా మొత్తం పక్కన పెట్టి దాని మీదే పరీక్షించండి.

నిలిచిన ఫీచర్లలో ఒక్కోదాన్ని ఒక్క వాక్యంలో ఫిట్టరుకు చెప్పి చూడండి. చెప్పలేకపోతే దాన్ని తీసేయండి.