పిల్లి తిరిగే ఇంట్లో ఆ ఫినాయిలు ఎందుకు చెల్లాయ్?

మన పి.గన్నవరం చుట్టుపక్కల పిల్లి తిరగని ఇల్లొకటి చూపించు చూద్దాం, చెల్లాయ్! ఓ మూల కొబ్బరికాయల రాశి, వసారాలో ధాన్యం బస్తాలు. ఎలకలు రాకుండా ఉంటాయా? అవి వచ్చాక పిల్లి లేకపోతే గడుస్తుందా? పెరుగన్నం పెడతాం, పిల్లలు ఒళ్ళో పడుకోబెట్టుకుంటారు. పొద్దున్నే మాత్రం బకెట్టులో రెండు మూతల ఫినాయిలు వంపేసి, అది తిరిగే నేలంతా తుడిచేస్తాం. ఇవాళ నీతో ఆ సీసా సంగతే మాట్లాడాలి.

ఇల్లు తుడిచిన కాసేపటికి మీ పిల్లిని గమనించు. తడి నేల మీద నాలుగడుగులు వేసి గడప పక్కన కూలబడుతుంది. ముందుకాలు పైకెత్తి, వేళ్ళు విడదీసి, ఆ సందుల్లో నాలిక పెట్టి నాకుతుంది. ఆ కాలితోనే మొహం తుడుచుకుంటుంది, మళ్ళీ ఆ కాలే నాకుతుంది. నేల మీద మనం ఏం పోస్తే అది దాని కడుపులోకి పోయినట్టే. కాళ్ళు నాక్కోని మనకీ దానికీ అదే తేడా.

రెండో తేడా లివర్లో ఉంది. ఫినాల్ జాతి రసాయనం ఒంట్లోకి వెళితే మన లివర్ దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి మూత్రంలో బయటికి పంపేస్తుంది. పిల్లికి ఆ పని చేసే ఎంజైము జన్యువు ఒకటి పాడైపోయి ఉందని శాస్త్రవేత్తలు 2000లో తేల్చారు. కాలవకి లాకు తలుపు మూసేస్తే నీళ్ళు వెనక్కి తన్నినట్టు, విషం బయటికి పోయే దారి లేక ఒంట్లోనే నిలబడిపోతుంది. మనం తలనొప్పికి వేసుకునే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి. కారణం ఇదే. జ్వరమొచ్చిందని జాలిపడి ఎవరైనా అరముక్క వేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపు.

అందుకే నల్ల ఫినాయిలు ఇంట్లోకి రానివ్వకు. తారు నుంచి తీసిన ఫినాల్, క్రెసాల్ సరుకది. తెల్ల ఫినాయిలులో సాధారణంగా ఉండేది పైన్ నూనె, అదీ పిల్లికి పడదు. డెట్టాల్లో ఉండే క్లోరోజైలినాల్ కూడా ఫినాల్ చుట్టమే. నీళ్ళలో పోయగానే పాలలా తెల్లబడే మందేదైనా సరే, పిల్లి ఉన్న ఇంట్లో అనుమానించాల్సిందే. ఇక రంగురంగుల ఫ్లోర్ క్లీనర్ల వెనక చిన్న అక్షరాలు చదువు. బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంటే, అది చిక్కగా ఉన్నప్పుడు నాలిక, నోరు పుండ్లు పడతాయి. వెంటనే కూడా కనపడవు, గంటల తర్వాత బయటపడతాయి. ఆ రకం సీసా ఇంట్లో ఇప్పటికే ఉందంటావా? దాని మీద రాసినంత నీళ్ళు కలుపు, చేతికొచ్చినంత పొయ్యకు. తుడిచాక మంచినీళ్ళతో ఇంకోసారి తుడిచి, నేల బాగా ఆరేదాకా పిల్లిని పెరట్లోనే ఉంచు.

కర్పూరం మాటకొస్తాను. మాపు నీళ్ళలో కర్పూరం బిళ్ళలు నలిపి వేస్తే చీమలు రావని, ఇల్లు గుడిలా ఉంటుందని మనలో చాలామందికి అలవాటు. కర్పూరం పిల్లికి విషమే. నీలగిరి తైలం, నిమ్మ నూనె, సిట్రొనెల్లా కూడా అలాంటివే. హెర్బల్ అని రాసి, ఆకు బొమ్మ వేసినంత మాత్రాన పిల్లికి మంచిదని కాదు. ఇలాంటి మొక్కల వాసన నూనెల్ని అరిగించుకోవడంలోనే దానికి కష్టం. కలరా ఉండలు అల్మారాలో దొర్లకుండా చూడు, అవీ ప్రమాదమే.

మరి దేంతో తుడవాలంటావు? వేడినీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ ఓ నాలుగు చుక్కలు. అంతే. పక్కన ఇంకో బకెట్టులో మంచినీళ్ళు పెట్టుకుని గుడ్డ మార్చి తుడువు. జిడ్డు, మట్టి వదిలించేది సబ్బూ మన చేతి బలమూ, వాసన కాదు. వంటింట్లో చీమలకి కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళు చాలు, ఆరాక ఆ పులుపు వాసన కూడా ఉండదు. మీ అత్తగారు ఫినాయిలు వాసన వస్తేనే ఇల్లు తుడిచినట్టంటారు, తెలుసు. ఆవిణ్ణి నొప్పించక్కర్లేదు, పిల్లి కాలు నాక్కోవడం దగ్గరుండి చూపించు. పాములు రాకుండా గుమ్మం చుట్టూ ఫినాయిలు పోసేవాళ్ళున్నారు. ఆ వాసనకి పాము ఆగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. గోడ కన్నాలు పూడ్చి, కొబ్బరిమట్టల కుప్పలు ఇంటికి దూరంగా వేయించు, అది మేలు.

వరదల రోజుల్లో మాత్రం సబ్బునీళ్ళతో సరిపెట్టుకోమని నేనూ చెప్పను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటాక మన లంకల్లో ఇళ్ళు ఎలా ఉన్నాయో నీకు నేను చెప్పాలా! నీళ్ళు తీశాక మోకాళ్ళ ఎత్తున బురద, కుళ్ళు వాసన. అప్పుడు బ్లీచింగ్ చల్లాల్సిందే, పిల్లల ఆరోగ్యం ముఖ్యం. కానీ ముందు బురదంతా ఎత్తి కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్ళు వాడు, బురద మీద చల్లితే దాని బలం బురదకే పోతుంది. ఆ పూట పిల్లిని మేడ మీదో పక్కింట్లోనో ఉంచు. తర్వాత మంచినీళ్ళతో కడిగి, ఆరనిచ్చి అప్పుడు లోపలికి రానివ్వు. వీధిలో చల్లిన పొడి మీద నడిచొస్తే గడపలోనే కాళ్ళు కడుగు. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ ఎప్పుడూ కలపకు, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, ముందు నీ ఊపిరితిత్తులే పోతాయి. పిల్లి ఉచ్చ పోసిన చోటా బ్లీచింగ్ వద్దు, ఆ మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఘాటైన విషవాయువు వస్తుంది. గుడ్డతో అద్ది తీసి, సబ్బునీళ్ళతో కడిగి, వంటసోడా చల్లి ఆరాక తుడిచెయ్యి.

ఇంత చూసుకున్నా ఒక్కోసారి జరుగుతుంది. చొంగ కారుస్తూ ఉన్నా, నాలిక ఎర్రబడ్డా, అన్నం దగ్గరికొచ్చి ముట్టకుండా వెళ్ళిపోయినా, వణికినా, నడక తడబడినా ఆలస్యం చెయ్యకు. తువ్వాలు చుట్టి పట్టుకుని, గోరువెచ్చని నీళ్ళతో, గిన్నెల సబ్బుతో కాళ్ళూ పొట్టా కడిగి, తుడిచి, మళ్ళీ నాక్కోకుండా చుట్టే ఉంచు. ఉప్పునీళ్ళు తాగించి కక్కించకు, కాల్చిన మందే మళ్ళీ గొంతులోంచి వచ్చి ఇంకోసారి కాలుస్తుంది. సీసా కూడా తీసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళు. డాక్టరుగారు ముందు అడిగేది అందులో ఏం మందుందనే. ఆయన నంబరూ, సంచార పశువైద్య వాహనం 1962 నంబరూ ఇవాళే ఫోన్లో వేసుకో.